సిగ్గరి బాలుర కథ: ఒక సంవాదము

ఆంగ్లరచయిత నీల్ గైమన్ రచించిన 'హౌ టు టాక్ టు గర్ల్స్ ఎట్ పార్టీస్' అను చిన్నకథ 2006లో 'ఫ్రాజైల్ థింగ్స్' అను సంపుటమునందు చేరినది మొదలు చదువరులను రెండు పక్షములుగా చీల్చుచునే యున్నది. ఇంగ్లండులో పంక్ సంగీతము చెలరేగుచున్న దినములలో, యౌవనము తలుపు తట్టుచున్న ప్రాయపు బాలురిద్దరు, లండను దక్షిణభాగమందలి క్రాయిడన్ వీథులలో ఒక పార్టీని వెదకుకొనుచు బోయి, చిరునామా తప్పి, పరిచయము లేని యింట ప్రవేశించి, అచ్చటి కన్యలతో ముచ్చటింప యత్నించుటయు, ఆ కన్యలు భూలోకమువారు కారని చదువరికి క్రమక్రమముగా స్ఫురించుటయు ఇందలి వస్తువు. పదవీవిరమణానంతరము అలంకారశాస్త్ర వ్యాసంగమున కాలము పుచ్చుచున్న యొక యాంధ్రోపన్యాసకునికిని, జూనియర్ కళాశాలలో ఆంగ్లము బోధించు నాతని మేనకోడలికిని ఈ కథను గూర్చి జరిగిన సంవాదమును ఇచ్చట పొందుపఱచుచున్నాము. కథను విద్యార్థులచే చదివింపదలచి, ముందుగా మామయ్య యభిప్రాయము తెలిసికొనగోరి, ఆమెయే పుస్తకము నాతని చేతికిచ్చెను.

మామయ్య: తుదిదాక చదివితినమ్మాయీ. చదివి, దీనిలో నీవేమి చూచితివో యని ఆశ్చర్యపడితిని. కథ చెప్పు ఎన్ అనువాడు బాలుర పాఠశాలలో పెరిగినవాడు. సోదరి స్నేహితురాండ్రలో ముగ్గురిని ముద్దాడిన యనుభవము దప్ప ఆడుపిల్లలతో నాలుగు మాటలు కలుపు నేర్పు లేనివాడు. వాని మిత్రుడు విక్ రూపవంతుడు, మాటకారి, కన్యల మనస్సును క్షణములో ఆకర్షింపగలవాడు. ఆడుపిల్లలు ఆడుపిల్లలే గాని మఱియొక గ్రహమునుండి దిగివచ్చినవారు కారని ప్రారంభమందే విక్ మిత్రునికి ధైర్యము చెప్పును. పిమ్మట వారు నిజముగనే మఱియొక లోకమునుండి దిగివచ్చినవారగుదురు! ఒక చమత్కారమును బట్టుకొని, దానిని అక్షరాల నిజము చేసి, పుటలకొలది సాగదీసినంతమాత్రమున కథ యగునా? రెండవ పుటలో నవ్వినవాడు తక్కిన పుటలలో చేయవలసిన పని యేమున్నది?

మేనకోడలు: చమత్కారము కాదని నేననను, మామయ్యా. కాని అది చదువరికి రెండవ పుటలోనే తెలిసిపోవుచున్నదని మీరే యనుచున్నారు గదా. మనకు రెండవ పుటలో తెలిసినది ఎన్‌కు తుదిపుటలోను తెలియదు. ముప్పది యేండ్లు గడచిన పిమ్మట ఆ రాత్రిని తలచుకొని చెప్పుచున్నప్పుడు సైతము, వారు ఫలానావారని వాడెచ్చటను తేల్చి చెప్పడు. రచయిత మర్మమును మూటగట్టి దాచి, తుదకు విప్పి చూపు గారడివాడైనచో మీ యాక్షేపము చెల్లును. ఇతడు మర్మమును మొదటనే మన చేతిలో పెట్టి, కన్నుల యెదుట నున్నదానిని ఈ పిల్లవాడు ఏల చూడలేకున్నాడను ప్రశ్నను మాత్రము మనకు మిగిల్చినాడు. తక్కిన పుటలలో మన పని యదియే.

మామయ్య: ఏల చూడలేకున్నాడనగా, సిగ్గుచేత. దానికింత కథ యెందుకు? సరే, ఆ మాట యటుంచుము. నా కష్టముగా తోచినది వేఱొకటి. స్త్రీ దుర్గ్రాహ్య యనియు, ఆమె చిత్తము దేవతలకైన నంతుపట్టదనియు పురుషులు తరతరములుగా పాడిన పాత పాట యొకటి యున్నది. ఆ పాటకే యిచ్చట వ్యోమయానపు వేషము తొడిగినారు. ఆడుపిల్లను మనుష్యజాతికి వెలుపల నిలిపి, దూరమునుండి చూచి, ఆహా యని అబ్బురపడుటయు, అమ్మో యని భయపడుటయు తప్ప, ఆమెను తనవంటి ప్రాణిగా నెంచుట యీ కథలో నెక్కడనున్నది? ఈ కథ చదివిన స్త్రీలలో పెక్కురు ఇదే మాట యనిరని నీవే చెప్పితివి.

మేనకోడలు: అనిరి. నేనును విని చాల యోచించితిని. మా పక్షమున మీరు వాదింప బూనుట సంతోషమే గాని, ముందుగా ఒక ప్రశ్న వేయుదును. చిటికెనవ్రేలు కొన చీలియున్న కన్య యెవరు? ఆ చీలికను ఆమె ఎన్‌కు ఏల చూపినది?

మామయ్య: చీలిన వ్రేలా? చదివినట్లే యున్నది. అద్భుతరసపోషణమునకై రచయిత చేర్చిన యలంకారమని దాటిపోయితిని.

మేనకోడలు: అది యలంకారము కాదు, ఆమె జీవితచరిత్ర. వేయిన్స్ వేయిన్ అని తన పేరు చెప్పి, తాను వేయిన్ అను మూలవ్యక్తినుండి రూపొందిన 'రెండవరకము' దానననియు, వ్రేలియందలి ఆ లోపమువలన తనకు సంతతి నిషిద్ధమనియు, తన నిర్మాణము ముగిసినపుడు తన్ను నిలుపుటయా నిర్మూలించుటయా యను నిర్ణయము జరిగెననియు, అదృష్టవశమున నది తన కనుకూలమయ్యెననియు, లోపమెఱుగని యక్కచెల్లెండ్రు కదలక ఇంట నిలిచియుండగా తాను లోకములు తిరుగుచున్నాననియు, త్వరలో మరలిపోయి చూచినదంతయు వేయిన్‌కు విన్నవింపవలయుననియు ఆమె పూసగ్రుచ్చినట్లు చెప్పినది. ఒక యాడుపిల్ల, తాను బ్రదికి యుండుట యితరుల దయాధీనమైన కథను, అప్పుడే పరిచయమైన బాలునికి దాపఱికము లేకుండ చెప్పినది. విన్న యా బాలుడేమి యోచించెను? ఈమె అమెరికా పిల్ల కాబోలునని! ఆమె మాటలలో నొక్కటియు వానికి తలకెక్కలేదు. మీరును ఆమె మాటను అలంకారమని దాటిపోతిరి. ఆమెను మనుష్యజాతికి వెలుపల నిలిపినది రచయితయా, వినువారా?

మామయ్య: నన్నుగూడ ముద్దాయిల వరుసలో నిలిపితివే! కానిమ్ము. ఒక్క కన్య మాటతో కథ నిర్దోషి కాదు గదా.

మేనకోడలు: ఒక్కతె కాదు. రెండవ కన్య తాను యాత్రికురాలననియు, సూర్యగోళముదాక పోయి వచ్చితిననియు, ఈ దేహధారణము తనకు రుచింపలేదనియు చెప్పును. ఎన్ అప్పుడు తన చేతిని ఆమె భుజముపై వేయవచ్చునా కూడదా యని మథనపడుచుండును. వంటింటిలో కనబడిన మూడవ కన్య ట్రియొలెట్. తన జాతి నశింపనున్నదని యెఱిగి, తమ సర్వస్వమును, తమ తలపులను, కలలను ఒక కావ్యముగా మలచి లోకాంతరములకు పంపిరనియు, తానా కావ్యమేననియు ఆమె చెప్పును. ముగ్గురిలో నెవతెయు దేనినిగాని దాచలేదు, మామయ్యా. స్త్రీ దుర్గ్రాహ్య యను పాత పాట యిదియే యైనచో, ఆ కన్యలు చిఱునవ్వు నవ్వి, మాట మార్చి, ఓరచూపు చూచి మర్మము పాటింపవలసినది. వీరంత విశదముగా మాటాడిన పాత్రలు కథలలో నరుదు. మర్మమంతయు బాలుని చెవిలో నున్నది.

మామయ్య: నీ వాదము చక్కగానున్నది. కాని యీ విద్య మనకు క్రొత్త కాదు. వ్యాసభారతమందలి అరణ్యపర్వములో ఋశ్యశృంగుని కథ చదువుము. తండ్రి విభాండకుడు దప్ప అన్యమనుష్యుని ముఖమెఱుగక అరణ్యమున పెరిగిన యా మునికుమారుడు, అంగరాజ్యమున వానలు గురియుటకై రోమపాదుడు పంపించిన వేశ్యను జూచి, ఆమెను వేఱొక యాశ్రమమునుండి వచ్చిన బ్రహ్మచారి యనుకొనును. సాయంకాలము తండ్రి రాగానే, ఆ 'బ్రహ్మచారి' జడయు, కంఠాభరణమును, ఆడిన బంతియు, ఇచ్చిన ఫలములును, కౌగిలియు, సమస్తమును వర్ణించి, తానును అట్టి తపస్సే చేయుదునని పట్టుబట్టును. ఎఱుగమిని వర్ణించుటలో నంతకు మించిన శిల్పము నేను చూడలేదు. మనకు నవ్వు వచ్చును, జాలియు కలుగును. పైగా వచ్చిన స్త్రీకి ఒక కార్యమున్నది, ఆ కార్యము మనకు తెలియును. కథ యెచ్చటను చీకటిలో వ్రేలాడదు. మీ యాంగ్లకథలో కన్యలు వచ్చినదెందుకో, పోవునదెచ్చటికో!

మేనకోడలు: ఋశ్యశృంగుని తెచ్చితిరి, మంచిది. కొడుకు వర్ణన విని విభాండకుడేమనెను?

మామయ్య: వారు రాక్షసులనెను. అద్భుతరూపములు ధరించి తపోభంగము చేయ దిరుగు రాక్షసులు గనుక, వారి జోలికి పోవలదని శాసించెను.

మేనకోడలు: ఆ మాటకే వేచియుంటిని. ఎదుటివారిని తన వర్గములోనివారే యని పొరబడినవాడు కొడుకు. లోకజ్ఞానము కలవాడై యుండియు రాక్షసులని తీర్పు చెప్పినవాడు తండ్రి. మన క్రాయిడన్ కథలోను అట్టివారిద్దరే యున్నారు. ఎన్ కన్యలను మామూలు ఆడుపిల్లలనుకొని చెవి యొగ్గకుండును. విక్, తలుపు తీసిన స్టెల్లా యను కన్యతో మేడమీద నేకాంతముగా నున్నపుడు ఏదియో గ్రహించి, హడలి, మిత్రుని ఱెక్కబట్టి వీథికి లాగుకొనిపోయి, పసిపిల్లవానివలె వెక్కి వెక్కి యేడ్చును. ఒకడు ఋశ్యశృంగుడు, ఒకడు విభాండకుడు. ఆ స్త్రీ యెవరో, ఆమె మనస్సులో నేమున్నదో అడిగినవాడు అడవిలోను లేడు, నగరములోను లేడు. మీ భారతకథ యీ ఆంగ్లకథకు ప్రతిపక్షము కాదు మామయ్యా, పెద్దక్క.

మామయ్య: నా యస్త్రమును నా మీదికే త్రిప్పితివి! అట్లైనను ఒక సందేహము. ఎన్ మగవాడు, విక్ మగవాడు, రచయితయు మగవాడు. పాత్ర చెవిటితనమని నీవు చెప్పుచున్నది రచయిత చెవిటితనము కాదని యెట్లు నమ్ముదును?

మేనకోడలు: రచయిత స్త్రీయా పురుషుడా యని లెక్కించి కథను తూచుటలో ఎంత ప్రమాదమున్నదో అమెరికాలో నొకప్పుడు తేటతెల్లమైనది. 1973లో జేమ్స్ టిప్ట్రీ జూనియర్ అను పేరుతో 'ది విమెన్ మెన్ డోంట్ సీ' అను కథ వెలువడినది. యూకటాన్ తీరమున విమానము కూలగా, ఒక పురుషుడును, ఒక తల్లియు, ఆమె కూతురును అడవిలో చిక్కుకొందురు. కథ చెప్పు పురుషుడు తల్లి చేయు ప్రతి పనికిని తనకు తోచిన యర్థము చెప్పుకొనుచు, ప్రతి పర్యాయమును పొరబడుచుండును; తుదకు గ్రహాంతరవాసులు రాగా, తల్లికూతుండ్రిద్దరును తమకు తామై వారి వెంట వెడలిపోదురు. భూమిమీద పురుషుల నడుమ బ్రదుకుటకంటె ఎఱుగని లోకమే వారికి మేలని తోచినది. ఈ రచయితది నిస్సంశయముగా పురుషహస్తమని రాబర్ట్ సిల్వర్‌బర్గ్ అను ప్రసిద్ధ రచయిత 1975లో టిప్ట్రీ కథాసంపుటమునకు వ్రాసిన పీఠికలో వాదించెను. 1977లో నిజము బయటపడినది. టిప్ట్రీ అనగా ఆలిస్ షెల్డన్ అను స్త్రీ.

మామయ్య: భళి! పీఠికలు వ్రాయువారందఱు తప్పక తెలిసికొనదగిన కథ. కాని చూడుము, ఆ షెల్డన్ కథలో తల్లి తన కారణము చెప్పినది, నిర్ణయము చేసినది, వెడలిపోయినది. ఆమె కర్త. ఇచ్చటి కన్యలు వచ్చిరి, చెప్పిరి, నిలిచిపోయిరి. మఱియు నా ప్రధానమైన యాక్షేపమింకను చెప్పలేదు. మేడమీద నేమి జరిగినది? విక్ ఏమి చేయబోయెను, స్టెల్లాకేమైనది? ఎన్ వెనుదిరిగి చూచినపుడు ఆమె మెట్లపైన నిలిచి, చెదరిన ముఖాలంకారముతో, కన్నుల నిప్పులు కురియుచు చూచుచుండును. అంతకు మించి మనకేమియు తెలియదు. కథకు గుండెకాయవంటి ఘట్టమును తలుపు వెనుక మూసి, ధ్వని ధ్వని యని నీవంటివారు మెచ్చుకొందురు. ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని వాచ్యార్థమను దీపమును పట్టుకొని పోయిననే కనబడును. దీపమార్పి చీకటిలో వెదకుకొమ్మన్నచో అది ధ్వని కాదు, దాగుడుమూతలు.

మేనకోడలు: వాచ్యార్థమున్నది. ఎన్ కంటబడినదంతయు మనకు చెప్పినాడు. తాను లేని గదిలో జరిగినది వాడెట్లు చెప్పును? 2017లో జాన్ కామెరన్ మిచెల్ ఈ కథను చలనచిత్రముగా తీసినపుడు మీరు కోరినట్లే చేసినాడు. ఎల్ ఫానింగ్ ధరించిన యన్యలోకకన్య ఆ యిల్లు విడిచి బాలునితో ఊరెల్ల తిరుగును, వారి ప్రేమ పండును, వచ్చినవారెవరో, వారి యాచారములేవో అన్నియు విప్పి చూపబడును. చూచుటకు వేడుకగా నుండును గాని, ఎన్ వినలేదను బాధ దానిలో మిగులదు. ఏలయన, చిత్రములో వాడు వినుచున్నాడు.

మామయ్య: వినుట మంచిదే గదా!

మేనకోడలు: వానికి మంచిది, మనకు కాదు. వాడు విన్నచో మనము వినవలసిన పని యుండదు. ట్రియొలెట్ మాట యొకటి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కావ్యమును విన్నవాడు మాఱకుండ నుండలేడనియు, తమ కావ్యము చేరిన లోకములలో కొన్ని దానికి స్వాగతమిచ్చెననియు, కొన్ని దానిని కలుపుమొక్కవలె, అంటురోగమువలె నెంచెననియు ఆమె చెప్పును. కథ వెలువడిన పిమ్మట చదువరులు చేసినదెల్ల కథలోనే ముందుగా వ్రాసిపెట్టియున్నది. 2007లో లోకస్ పత్రిక పాఠకులు దీనిని ఉత్తమ చిన్నకథగా నెన్నుకొనిరి. అదే యేట హ్యూగో పురస్కారపు తుదిజాబితాదాక వచ్చి, బహుమతి దక్కక నిలిచిపోయినది. ఒక చదువరి దీనిలో తన కౌమారమును చూచుకొని పులకించెను, ఒకరికిది స్త్రీనింద యని తోచెను, ఇంకొకనికి అర్థమే కాలేదు. స్వాగతమును, కలుపుమొక్కయు!

మామయ్య: ఆగుము, ఆగుము. ఇది మిక్కిలి అనుకూలమైన కవచము. కథను మెచ్చినవాడు సహృదయుడు, మెచ్చనివాడు విక్‌వలె పాఱిపోయినవాడు! ఇట్టి తర్కమునకు లొంగిన పిమ్మట ప్రపంచములో చెడ్డకథయే యుండదు. ఏ కుకవి యైనను, నా కావ్యమును మీరు కలుపుమొక్క యనుకొంటిరి, దోషము మీ నేలదే యనవచ్చును.

మేనకోడలు: మీ మాట న్యాయము. మెచ్చనివాడు చెవిటివాడని నేననను. అన్నచో మెచ్చినవానిని ముందుగా ప్రశ్నింపవలసి వచ్చును, ఏలయన ఈ కథలో మెచ్చినవాడు ఎన్ గదా. ట్రియొలెట్ కావ్యమును చెవిలో వినిపించినపుడు వాడు పరవశుడయ్యెను. ఆ భాష యెఱుగడు, ఆ లయకు లొంగిపోయినాడు. కాని ముప్పది యేండ్ల పిమ్మట వానికి మిగిలినదేమి? జ్ఞప్తికి రాని, మరల పలుకజాలని కావ్యమొకటి. ఒక జాతి సర్వస్వమును చేతబట్టుకొని యుండియు, దానిని వాడు ముద్దుగా మాత్రమే యెఱిగెను. భయపడి పాఱిపోయినవానిని రచయిత యెంత జాలిగా చూచెనో, పరవశించినవానిని అంత నిర్దయగా చూచెను. కనుక నా విభాగము మెచ్చినవారును మెచ్చనివారును అని కాదు. కన్యల మాటలను విని పిమ్మట మెచ్చినవారు, విని నిందించినవారు ఒక వైపు. విననే వినక మెచ్చినవారు, వినక నిందించినవారు రెండవ వైపు.

మామయ్య: ఈ విభాగము నాకు సమ్మతమే. అభినవగుప్తుడు చెప్పిన హృదయసంవాదము సైతము వినికిడి తర్వాతనే గదా. అయితే నీ విభాగమునే నీకప్పగించి, నా తుదిప్రశ్న యడుగుదును. వేయిన్స్ వేయిన్ మాటాడినది, సూర్యయాత్రికురాలు మాటాడినది, ట్రియొలెట్ మాటాడినది. స్టెల్లా? తలుపు తీసి లోపలికి పిలిచినది ఆమె, మేడమీదికి పోయినది ఆమె, రాత్రి ముగియునప్పటికి గాయపడినదో, అవమానింపబడినదో, ఆగ్రహించినదో తెలియరానిది ఆమె. మర్మమంతయు బాలుని చెవిలో నున్నదంటివి. స్టెల్లా విషయమున ఎన్‌కు చెవి లేకుండుట కాదు, ఆమెకు నోరే లేదు. కథలోని కన్యలందఱిలో నిజముగా ఏదియో యనుభవించిన కన్యకు ఆ యనుభవమును గూర్చి ఒక్క వాక్యమైనను ఈయకుండుట, ఆ గదిలో కథకుడు లేడను సాకుతో తీఱునా?

మేనకోడలు: తీఱదు. ఎన్‌ను ఆ గది వెలుపల నిలిపినది రచయితయే గాని మఱియొకరు కారు. అదియొక శిల్పమని సమర్థింపగలను, విక్ కన్నీటిని ఆమె మాటకు బదులుగా పెట్టెనని చెప్పగలను. కాని ఒకరి కన్నీరు మఱియొకరి మాటకు బదులు కాదు. ఈ కథను స్త్రీలు నిందించినపుడు, కన్యలను అన్యలోకవాసులుగా చేసినందులకు నిందించినవారితో నేనేకీభవింపను. స్టెల్లాను మూగచేసినందులకు నిందించినవారి యెదుట నాకు ప్రత్యుత్తరము లేదు.

మామయ్య: అట్లైనచో మన వివాదము సగము తీఱినది. చమత్కారమాత్రమను మాటను నేను వెనుకకు తీసికొందును. ఆ మూసిన గదిని గూర్చిన నా యాక్షేపమును నీవుంచుకొనుము. మఱి ఈ కథను తరగతిలో చదివించి పిల్లల నేమని ప్రశ్నింతువు? ఆ కన్యలెవరు, సందర్భసహితముగా వ్రాయుడు, అనియా?

మేనకోడలు: అది అడిగినచో బాలురందఱు గ్రహాంతరవాసులని మూడు పుటలు వ్రాసి పూర్తి మార్కులు కొట్టుదురు. నేనొక్కటే అడుగుదును: చిటికెనవ్రేలు చీలిన కన్య తన్ను గూర్చి ఏమి చెప్పెను?

మామయ్య: చాలమందికి సున్న వచ్చును.

మేనకోడలు: మొదటిసారి వచ్చినను బాధ లేదు. పుస్తకము చేతిలోనే యుండును, తిరుగవేసి చదువుకొందురు.

మామయ్య: అయితే దాని క్రింద నా ప్రశ్నయొకటి చేర్చుము: మెట్లమీద నిలిచిన స్టెల్లా నోరు తెఱచియున్నచో ఏమనియుండును? దీనికి సమాధానము పుస్తకమున లేదు గనుక మార్కులు వేయుట నీకు కష్టమగును. ఆడుపిల్లల తరగతికిని, మగపిల్లల తరగతికిని అదే ప్రశ్న యిచ్చి, రెండు కట్టల కాగితములును నా యొద్దకు పంపుము. దిద్దు పని నేను చేసెదను.